పక్క గడిలో షుగర్

సికింద్రాబాద్‌లో జబ్బులకు చరిత్ర ఉందంటే అది ముందు గత్తరకే ఉంది. 1813లో జంటనగరాల్లో గత్తర చెలరేగినప్పుడు సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో ఉన్నాడట. మా ఊరిని కాపాడితే అక్కడ నీకు గుడి కడతానని మహాకాళికి మొక్కుకుని, 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహం నిలిపాడని మా పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఆషాఢం వస్తే జనరల్ బజార్‌లో ఆ గుడి ముందు ఇప్పటికీ కాలు పెట్టే సందుండదు. గత్తరకు ఒక అమ్మవారుంది, ఒక మాసముంది, బోనముంది, సాక పోయడముంది. మలేరియాకు కూడా ఒక తేదీ ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. ఆ బంగళాను ఇప్పటికీ చూపిస్తారు.

షుగర్‌కు ఇవేవీ లేవు. ఎప్పుడొచ్చిందో ఎవరూ చెప్పరు, ఏ పొలిమేరా దాటించరు. అంతకంటే విచిత్రం, దానితో ఎవరూ చచ్చిపోయినట్టు కూడా ఒప్పుకోరు. "షుగర్ తోని ఎవ్వరు సస్తరమ్మా, మా అత్తకు ముప్పై ఏండ్ల సంది ఉండె" అని నాతో అన్న మనిషి చేతిలో ఆ అత్త మరణ ధ్రువీకరణకు కావలసిన కాగితాలే ఉన్నాయి. ఆ మాట ఆమె ఒక్కదానిదే కాదు. ఆ కాగితాలు కూడా అదే మాట చెబుతున్నాయి. అలాంటి కాగితాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది.

నేను మెడికల్ రికార్డ్స్‌లో పనిచేశాను. స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఆసుపత్రి. పేరు చెప్పను, ఆ కేసు షీట్లు నా సొంతం కావు. 1986లో చేరాను, 2021లో దిగిపోయాను. పేషెంటు నయమై వెళ్లినా, పోయినా, చెప్పకుండా వెళ్లిపోయినా కేసు షీటు చివరికి చేరేది మా గదికే. దాన్ని విప్పి, పేజీలు సరిచూసి, జబ్బుకు అంతర్జాతీయ వర్గీకరణ పుస్తకంలోని కోడు వేసి, ర్యాకుల్లో సర్దడం మా పని. చావైతే ఇంకొక పని అదనం. డాక్టరు నింపిన నాలుగో నంబరు ఫారం పూర్తిగా ఉందా లేదా చూసి జనన మరణాల రిజిస్ట్రారుకు పంపాలి.

1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద వచ్చిన ఫారం అది. మొదటి భాగంలో ఒకదాని కింద ఒకటి మూడు గీతలుంటాయి. పై గీత మీద చావుకు తక్షణ కారణం, దాని కింద దానికి దారితీసినది, అట్టడుగున అసలు మూలం. రెండో భాగం వేరు. చావుకు తోడ్పడింది గానీ ఆ వరుసలోకి రాదనుకున్న జబ్బుల పేర్లు అక్కడ రాస్తారు. మేం దాన్ని పక్క గడి అనేవాళ్లం. షుగర్ కాపురం ఎప్పుడూ ఆ పక్క గడిలోనే.

దీనివల్ల ఏం తేడా వస్తుందంటే, దేశం లెక్కలోకి ఎక్కేది మూల కారణం ఒక్కటే. గుండెపోటుతో పోయిన మనిషికి డాక్టరు అట్టడుగు గీత మీద షుగర్ రాస్తే ఆ చావు షుగర్ ఖాతాలో పడుతుంది. అదే పేరు రెండంగుళాలు కిందికి జరిపి పక్క గడిలో రాస్తే గుండెపోటు ఖాతాలో పడుతుంది. మనిషి ఒకడే, రోగం ఒకటే, కలం ఆగిన చోటు మారిందంతే. కిడ్నీ విషయంలో మాత్రం పుస్తకం మాకు కొంచెం వెసులుబాటిచ్చింది. కిడ్నీ పాడవడం, షుగర్ రెండూ కనిపిస్తే వాటిని కలిపి ఒకే కోడుగా వేసే వీలుంది. కాలు కుళ్లిన కేసుల్లోనూ అంతే. గుండెకు ఆ వీలు లేదు. డాక్టరు రాయాల్సిందే.

డాక్టర్లేం రాసేవారు? నేను చేరిన కొత్తలో పై గీత మీద నూటికి తొంభై ఫారాల్లో కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్ అని ఉండేదంటే అతిశయోక్తి అనిపించదు. గుండె, ఊపిరి ఆగిపోయాయని. ఎవరికి ఆగవు? ఫారం వెనకే రాసి ఉంటుంది, చావు ఎలా జరిగిందో వద్దు, ఎందుకు జరిగిందో రాయమని. అర్ధరాత్రి మూడు చావులు చూసిన హౌస్ సర్జన్ ఆ వెనక పేజీ తిప్పుతాడా?

ఈ గుండె, ఊపిరి గొడవకు హైదరాబాద్‌లో పెద్ద చరిత్రే ఉంది. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూలు పెద్ద అయిన ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం మత్తులో రోగి పోతే ముందు ఆగేది ఊపిరే, గుండె కాదని గట్టిగా నమ్మేవాడు. నాడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి అనేవాడు. 1888లో మొదటి కమిషన్ వేశారు. లండన్‌లో లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లిచ్చి, మీ మనిషినే పంపండంది. 1889లో లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. వందల కుక్కలు, కోతులు, మేకలు ఆ పరీక్షల్లో పోయాయి. లారీ మాటే నిజమని రెండో కమిషన్ తేల్చింది. కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన పిల్లుల మీద పరీక్షించి చూస్తే, తేలిక మత్తులో గుండె ఉన్నట్టుండి గతి తప్పి ఆగిపోతుందని బయటపడింది. ఒక చావుకు కారణం ఏమిటన్నది ఈ ఊళ్లో అంత పట్టుదలగా వాదించుకున్న విషయం. వందేళ్ల తరవాత అదే ఊళ్లో మా ఫారాల మీద రెండూ కలిపి ఒకే మాటగా రాసేసి చేతులు దులుపుకున్నారు. నాకు లారీ మొండితనం మీద కొంచెం అభిమానమే. తప్పయినా ఆయన ఒక కారణం రాశాడు.

సికింద్రాబాద్ 1806లో సికందర్ జా పేరు మీద వెలసిన కంటోన్మెంటు ఊరు. ఇక్కడి తొలి చావుల లెక్కలు సైన్యానివి. గత్తర, సన్నిపాత జ్వరం, రక్త విరేచనాలు, కాలేయంలో చీము. సిపాయిలు కుర్రవాళ్లు. షుగర్ ముదిరే వయసు వచ్చేదాకా బారకాసుల్లో ఉండేవారు కాదు. ఇప్పటి గాంధీ ఆసుపత్రి 1851లో మూడు వార్డుల వైద్యశాలగా మొదలైంది. తరవాత కింగ్ ఎడ్వర్డ్ మెమోరియల్ పేరుతో స్టేషన్ ఎదుట నడిచింది, 1958లో గాంధీ అయింది, 2003లో పాత ముషీరాబాద్ జైలు స్థలానికి తరలిపోయింది. స్టేషన్ దగ్గర దిగేవాళ్లు ఇప్పటికీ ఓల్డ్ గాంధీ అనే అంటారు.

ఆ కింగ్ ఎడ్వర్డ్ పేరు పెట్టిన రోజుల్లో షుగర్ డబ్బున్నవాళ్ల జబ్బు. 1907లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సభలో ఉష్ణదేశాల్లో మధుమేహం మీద ప్రత్యేకంగా చర్చ పెట్టారు. అక్కడ మాట్లాడిన వాళ్ల దృష్టంతా కుర్చీలో కూర్చునే ప్లీడర్లు, జడ్జీలు, జమీందార్ల మీదే. కూలీ మనిషికి షుగరుందో లేదో చూసే వాడెవడు? మూత్రం పరీక్ష చేసేదాకా వచ్చేవాడే కాదు కదా.

అప్పట్లో షుగరున్న మనిషి దేనివల్ల పోయేవాడు అన్నదానికి మనకు దొరికే మంచి లెక్క బోస్టన్ నుంచి వస్తుంది. ఎలియట్ జోస్లిన్ అనే డాక్టరు తన పేషెంట్లందరి వివరాలు లెడ్జర్లలో రాసుకుంటూ పోయాడు. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు పోయారు, దేనివల్ల పోయారు. 1914కు ముందు పోయినవాళ్లలో సుమారు మూడింట రెండొంతులు కోమాలోనే పోయారు. ఇన్సులిన్ లేక ఒంట్లో కొవ్వు కరిగి, రక్తం ఆమ్లమై, ఊపిరి బరువెక్కి, నోటి నుంచి పండిన పండు వాసన వచ్చి, రెండు మూడు రోజుల్లో అయిపోయేది. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. 1950 వచ్చేసరికి జోస్లిన్ లెడ్జర్లలో కోమా చావులు నూటికి రెండు మూడుకు పడిపోయాయి.

బతికినవాళ్లు మరి దేనివల్ల పోయారు? ఇక్కడి నుంచే నా కథ. కోమాలో పోవలసిన మనిషి ఇంకో ఇరవై ఏళ్లు బతికి, ఇంకో పేరుతో మా రిజిస్టరుకెక్కాడు.

మా గదిలో నాకంటే చాలా పాత రిజిస్టర్లు కొన్ని ఉండేవి. అట్టలకు గుడ్డ అంటించి, లోపల కోడి రాతలాంటి ఇంగ్లిషు. వాటిని మధ్యాహ్నాలు చదివే అలవాటు నాకు పట్టింది. షుగరున్నవాళ్ల పేర్ల పక్కన మాటిమాటికీ కనిపించేవి రెండే. ఒకటి వీపు మీదో మెడ వెనకో లేచిన రాచపుండు. రెండోది క్షయ. ఈ రెండింటికీ షుగర్‌తో దగ్గరి చుట్టరికం. రక్తంలో చక్కెర ఎక్కువైతే తెల్లకణాలు సూక్ష్మజీవుల్ని తరిమికొట్టలేవు, పుండు మానదు, ఊపిరితిత్తుల్లో అణగి ఉన్న క్షయ లేచి కూర్చుంటుంది. పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ 1940లలో వచ్చాయిగానీ అవి సమయానికి అందాలి, మోతాదు సరిపోవాలి, మనిషి మధ్యలో మానేయకూడదు.

నేను చేరేనాటికి ఇంకా వార్డు పక్కన చిన్న గదిలో మూత్రం పరీక్ష చేసేవారు. గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల బెనడిక్ట్ ద్రావణం, ఎనిమిది చుక్కల మూత్రం, కింద స్పిరిట్ దీపం. నీలం నీలంగానే ఉంటే సరే. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు వస్తే సిస్టరు మొహం చిట్లించేది. కేసు షీట్ల మీద ఆ రంగుల పేర్లే పగలు మూడుసార్లు, రాత్రి ఒకసారి వరుసగా ఉండేవి. గాజు సిరంజీలు ఉడకబెట్టేవారు. ఇంట్లో ఫ్రిజ్జు లేనివాళ్లు ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన మట్టికుండలో పెట్టుకునేవారు. వారసిగూడలో మా ఎదురింటి పెద్దాయన అలాగే పెట్టుకునేవాడు. ఆయనకు సూది ఆయన కోడలు వేసేది, లెక్కా ఆమెదే. సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, సిరంజి మీద గీతలు ఇంకో లెక్కవి అయితే ఎంత ఘోరం జరగొచ్చో ఆమెకు తెలుసు. అందుకే ఆ సిరంజిని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు.

కాలు సంగతి చెప్పాలి. సర్జికల్ వార్డులో ఎప్పుడు చూసినా షుగర్ కాళ్లు కొన్ని ఉండేవి. పాదంలో స్పర్శ పోతుంది, మేకు దిగినా తెలియదు. వేసవిలో గుడి బండల మీద నడిచి అరికాలు బొబ్బలెక్కితే సాయంత్రం గచ్చు మీద తడి చూసి ఇంట్లోవాళ్లు చెప్పాలి. ఆషాఢంలో బోనాలకు బురదలో వట్టికాళ్లతో నడిచినవాళ్లు, చలికాలంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పులు లేకుండా తిరిగినవాళ్లు. మొక్కును నేను తప్పు పట్టను, మా ఇంట్లోనూ బోనం ఎత్తుతాం. కానీ ఒక సర్జన్ ప్రతి ఏటా పండగ ముందు తన పేషెంట్లను పిలిచి, అమ్మవారికి మీరు చెప్పులేసుకుని వచ్చినా కోపం రాదని చెప్పేవాడు. ఆయన మాట కొందరు విన్నారు. విననివాళ్ల వేలు పోయేది, తరవాత పాదం, తరవాత మోకాలి కింద. అక్కడితో ఆగకపోతే విషం రక్తంలోకి ఎక్కేది. ఫారం మీద అది సెప్టిసీమియా. గీత కింద సెల్యులైటిస్. షుగర్ పక్క గడిలో.

నేను రంగుల గొట్టాల కాలం నుంచి గ్లూకోమీటర్ల కాలానికి వచ్చేసరికి వార్డుల్లో మనుషులే మారిపోయారు. 2000లో దేశంలో ఆరు మహానగరాల్లో సర్వే చేస్తే పెద్దవాళ్లలో షుగర్ అన్నిటికంటే ఎక్కువున్నది హైదరాబాద్‌లోనే, 16.6 శాతం. చెన్నై 13.5, ముంబై 9.3. ఇది ఊరి జబ్బు, పల్లెకు రాదనుకునేవాళ్లం. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాది పాటు ప్రతి చావునూ ఇంటికి వెళ్లి అడిగి రాసుకున్నారు. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులతోనే. అక్కడ ముప్పై దాటినవాళ్లలో షుగర్ 13 శాతానికి పైనే. కాజీపేట నుంచి, భువనగిరి నుంచి పొద్దున ప్యాసింజరులో దిగి మా ఓపీకి వచ్చే రైతులను చూసిన నాకు అది కొత్త సంగతి అనిపించలేదు.

గుండె చావుల్లో షుగర్‌ది దొంగదెబ్బ. నరాలు మొద్దుబారడం వల్ల చాలామందికి ఛాతీలో నొప్పే రాదు. చెమటలు, ఆయాసం, కడుపులో మంట. మా మేనమామ రైల్వేలో చేసి రిటైరైన మనిషి. ఒక సాయంత్రం గ్యాస్ అనుకుని సోడా తాగాడు. దగ్గర్లోని నర్సింగ్ హోంలో గ్యాసుకే సూది వేసి పంపారు. తెల్లారలేదు. ఇంట్లో పోయినవాళ్లకు ఆసుపత్రి ఫారం ఉండదు. వయసు మీద పడి అని రాయించారు. ఆయనకు 59.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక డయాలసిస్ పేదవాళ్లకూ అందింది. దానివల్ల మా రికార్డుల రూపమే మారింది. ఇదివరకు కిడ్నీలు పోయి, ఒళ్లంతా నీరు పట్టి, పది పదిహేను రోజుల్లో ముగిసే కేసు షీటు పల్చగా ఉండేది. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు మిషనెక్కి నాలుగైదేళ్లు నడిచి, కట్ట కట్టినా ఆగని లావైంది. చివరికి కిడ్నీతో కాక, డయాలసిస్ గొట్టం దగ్గర పట్టిన ఇన్ఫెక్షనుతోనో, గుండె ఆగో పోతారు. ఏది మూలం? ఇరవై ఏళ్ల కింద బెనడిక్ట్ గొట్టంలో ఇటుక రంగు తేలినప్పుడు మొదలైంది మూలం. నేను కోడు వేసేటప్పుడు కిడ్నీని షుగర్‌తో కలిపే వేశాను. పుస్తకం ఒప్పుకున్న చోట ఒక్క కేసూ వదల్లేదు.

ఇంకో చావు ఉంది, దాన్ని రాసేవాళ్లు బొత్తిగా తక్కువ. షుగర్ పడిపోయి. గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు చవక, చాలాకాలం అందరూ వాడినవి. కిడ్నీ బలహీనమైన ముసలివాళ్లలో అవి ఒంట్లో నిలిచిపోతాయి. మాత్ర వేసుకుని కార్తీక సోమవారం ఉపవాసమో, రంజాన్ రోజానో ఉంటే మధ్యాహ్నానికి మనిషి మగత పడుతుంది. ఇంట్లో పక్షవాతమనుకుంటారు. క్యాజువాలిటీలో గ్లూకోజ్ ఎక్కిస్తే చాలామంది కళ్లు తెరిచి, నన్నెందుకు తెచ్చారని తిడతారు. కొందరు తెరవరు. అప్పటికి రక్తంలో చక్కెర మళ్లీ మామూలుకు వచ్చేసి ఉంటుంది కాబట్టి కాగితం మీద దాని జాడే ఉండదు.

లెక్కలో పడని వాళ్లు వీళ్లే కాదు. లామా అని ఒక ముద్ర ఉండేది మా దగ్గర. డాక్టరు వద్దన్నా తీసుకెళ్లారని. వెంటిలేటరు మీద ఉన్న మనిషికి ఇక లాభం లేదనగానే సగం కుటుంబాలు, ఇంటి గడపలో పోవాలని, ఆటోలోనో అంబులెన్సులోనో తీసుకెళ్లిపోయేవి. డబ్బు అయిపోయి వెళ్లినవాళ్లూ తక్కువ కాదు. వాళ్లు మౌలాలీ దాటకుండానే పోయినా మా రిజిస్టరులో బతికి వెళ్లినట్టే. అందుకే ఆసుపత్రి చావుల శాతాలు ఎవరైనా గొప్పగా చదివితే నాకు నవ్వొస్తుంది. దేశంలో నమోదయ్యే చావుల్లో డాక్టరు కారణం రాసి ఇచ్చేవి ఇప్పటికీ ఐదింట ఒకటి కంటే కాస్త ఎక్కువ, అంతే.

లెక్క పెడితే ఏం తెలుస్తుందో జపాన్ చూపించింది. 1970ల నుంచి పదేళ్లకోసారి, ఆసుపత్రుల్లో పోయిన షుగర్ పేషెంట్లందరి కారణాలు అక్కడి మధుమేహ సంఘం పోగుచేస్తోంది. 2001 నుంచి 2010 దాకా 241 ఆసుపత్రుల్లో 45,708 మంది. వాళ్లలో 38.3 శాతం క్యాన్సరుతో పోయారు, 17 శాతం ఇన్ఫెక్షన్లతో. గుండె, మెదడు, కిడ్నీ నాళాల జబ్బులన్నీ కలిపినా 15 శాతం లోపే. అంటే అక్కడి షుగర్ మనిషి షుగర్ తెచ్చే చావుల్ని దాటుకుని, మామూలు ముసలివాడి చావుకు చేరుకుంటున్నాడు. మన దగ్గర శ్రీనగర్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఇలాంటి లెక్కే తీస్తే మొదటి స్థానం ఇన్ఫెక్షన్లది, సుమారు మూడింట ఒక వంతు. తరవాత కిడ్నీ, ఆ తరవాత గుండె. చెన్నైలో ఆసుపత్రి బయట, ఊళ్లో జనాన్ని ఏళ్ల తరబడి వెంబడించి చూస్తే సగానికి పైగా గుండె చావులు. ఆసుపత్రిలో చూస్తే ఒకటి, ఇళ్లలో చూస్తే ఇంకొకటి. మా మేనమామలాంటి వాళ్లు ఆసుపత్రి లెక్కలోకి రారు కదా.

మా ర్యాకుల్లో క్యాన్సరు షుగర్‌కు మొదటి తోడు కాలేదు. నేను చూసినంత కాలం వరుస శ్రీనగర్‌దే: పుండు, ఊపిరితిత్తి, మూత్రం దారి, వీటిలో ఎక్కడో మొదలైన ఇన్ఫెక్షన్. రాచపుండు పోయింది, రక్తంలో విషం వచ్చింది. అంతే తేడా.

2021 వేసవి నా ఆఖరి వేసవి. గాంధీ మొత్తం కోవిడ్ ఆసుపత్రి అయింది, మిగతావి ఎవరి శక్తి కొద్దీ వాళ్లు. డెక్సామెథజోన్ ప్రాణాలు నిలబెట్టింది. 2020 జూన్‌లో ఇంగ్లండులో పరీక్షించి తేల్చిన మందు. అదే మందు షుగర్‌ను నాలుగు వందలకు ఎగదోసింది. ఇంట్లో ఉండి వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూసి పది రోజులు మింగినవాళ్లున్నారు. షుగరుందని అసలు తెలియనివాళ్లూ ఉన్నారు. మే నెలలో కన్ను వాచి, బుగ్గ నల్లబడి, ముక్కులోంచి నల్లటి పొర ఊడుతూ రావడం మొదలుపెట్టారు. అది మ్యూకర్‌మైకోసిస్, టీవీల్లో బ్లాక్ ఫంగస్. మే 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బుల్లో చేర్చింది. కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిలో మంచాలు చాల్లేదు. ఆంఫోటెరిసిన్ సూదుల కోసం కొడుకులు ఊరంతా తిరిగారు. ఈ బూజు గాలిలో ఎప్పుడూ ఉన్నదే. ఎక్కువ షుగర్, రక్తంలో ఆమ్లం దొరికితే కళ్ల వెనక్కి, మెదడులోకి పాకుతుంది. నేను చదివిన పాఠాల్లో అది ఏడాదికి ఒకటో రెండో కనబడే అరుదైన జబ్బు. ఆ నెల్లో దాని కోడు నాకు కంఠతా వచ్చేసింది.

ఆ ఫారాల మీద పై గీత కోవిడ్ న్యుమోనియా, లేకపోతే మ్యూకర్. కోవిడ్ చావుకు పరిహారముందని తెలిశాక కుటుంబాలు ఆ పేరు కోసం పట్టుబట్టాయి, అది న్యాయమే. షుగర్ కోసం ఎవరూ పట్టుబట్టలేదు. పైగా వద్దనేవాళ్లే ఎక్కువ, ఇది ఆ ఏడాది మొదలైంది కాదు. "మేడమ్, షుగర్ అని రాయొద్దని డాక్టర్ సాబ్‌కు జర చెప్పరా" అని నా కిటికీ దగ్గర ఎంతమంది నిలబడ్డారో. కొందరికి ఇన్సూరెన్స్ భయం. పాలసీ తీసుకున్నప్పుడు షుగరుందని చెప్పలేదు, ఇప్పుడు కాగితం మీద పదిహేనేళ్ల షుగర్ అని ఉంటే డబ్బు రాదని. కొందరికి ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలున్నారు, ఆ వంశానికి షుగరుందని సంబంధం వాళ్లకు తెలియకూడదని. డాక్టర్లలో మెత్తనివాళ్లు పక్క గడి ఖాళీగా వదిలేసేవాళ్లు. ఖాళీ గడికి కోడు ఉండదు.

2023లో జనన మరణాల చట్టం సవరించారు. అక్టోబరు 1 నుంచి డాక్టరు రాసిన కారణం కాగితం నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఇన్నాళ్లూ ఆసుపత్రికి, రిజిస్ట్రారుకు మధ్య నడిచిన కాగితం ఇంటికొచ్చింది. మా కాలనీలో నేనేం పనిచేశానో అందరికీ తెలుసు కాబట్టి ఆ నకళ్లు నా దగ్గరికి వస్తున్నాయి. మొన్నామధ్య ఒకాయన తండ్రి కాగితం తెచ్చాడు. కుర్ర డాక్టరెవరో చక్కగా రాశాడు. పైన సెప్టిక్ షాక్, కింద కాలి గ్యాంగ్రీన్, అట్టడుగున టైప్ 2 డయాబెటిస్, 18 ఏళ్లు. నా సర్వీసులో ఇంత శుభ్రంగా నింపిన ఫారాలు నాకు అరుదుగా దొరికాయి. ఆయన ఆ అట్టడుగు గీత మీద వేలు పెట్టి, దీన్ని తీయించడం ఎట్లా అనడిగాడు. పాలసీ ఎప్పటిదన్నాను. పదకొండేళ్లది. బీమా చట్టం 45వ సెక్షన్ చెప్పాను. మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని, అప్పుడు చెప్పలేదని ఇప్పుడు కొట్టేయడానికి కంపెనీకి వీల్లేదని. సెక్షన్ నంబరు కాగితం మీద రాయించుకున్నాడు. అయినా మర్నాడు పొద్దున్నే, ఆ డాక్టరు డ్యూటీ ఎన్నింటికో కనుక్కుని ఆసుపత్రికి వెళ్లాడట.